ఆటో స్టార్టర్ల నిర్మూలన

ఈ నెలాఖరుకల్లా జిల్లాలో ఆటో స్టార్టర్ అన్నది మందుకు కూడా దొరకకూడదని నర్సంపేట సభలో మంత్రిగారు ప్రకటించారు. కరెంటు రాగానే రైతు లేకుండానే మోటరును నడిపించే ఆ చిన్న డబ్బా దేశాభివృద్ధికి ఎట్లా అడ్డమో గంటన్నర వివరించారు. జనానికి ఒక్క ముక్క అర్థం కాలేదు. విషయం అంత లోతైనదన్నమాట.

అందరికంటే శ్రద్ధగా విన్నవాడు పరకాల కాంట్రాక్టు లైన్‌మన్ లక్ష్మీనర్సయ్య. పద్నాలుగేళ్లుగా స్తంభాలెక్కుతున్నా అతని ఉద్యోగం పర్మనెంటు కాలేదు. ఒక్క డబ్బా మిగల్చకుండా పీకిన లైన్‌మన్‌ను పర్మనెంటు చేస్తామని మంత్రిగారు మైకులోనే మాటిచ్చారు.

మర్నాడే అతను రాజక్క పొలంలో దిగాడు. ఆమె అడ్డం వచ్చింది.

"మాది వేరు బిడ్డా. మా ముసలాయనకు మోకాళ్ల నొప్పులు, బాయికాడికి నడువలేడు. జర ఇడిసిపెట్టు."

"అందరు గదే అంటాండ్లు రాజక్కా," అని విప్పేశాడు. మనసు పీకింది, పాపం. అయినా పర్మనెంటు అంటే మాటలా?

చివరిరోజు లిస్టులో ఒక్కటే మిగిలింది. ఊరి బయట కొత్తగా కట్టిన అణు విద్యుత్ కేంద్రంలోని ఎమర్జెన్సీ పంపుకున్న ఆటో స్టార్టర్. కరెంటు పోయి రియాక్టరును చల్లబరిచే మోటర్లు ఆగితే, ఈ డీజిల్ పంపు దానంతట అదే అందుకుని నీళ్లు పంపుతుంది. గేటుకాడ సెక్యూరిటీవాళ్లు అతని టిఫిన్ డబ్బాను మూడుసార్లు తెరిచి చూసి, పనిముట్ల సంచీ తెరవకుండానే లోపలికి పంపారు.

ఇంజనీరు రమాకాంత్ ముఖం పాలిపోయింది. "ఇది రైతు మోటరు కాదయ్యా. నీళ్లు ఆగితే లోపల ఇంధనం కరిగిపోతది. పరకాల మొత్తం ఖాళీ చెయ్యాలె."

"అందరు మాది వేరే అంటాండ్లు సార్. సర్క్యులర్ల మినహాయింపు ఏమన్న ఉన్నదా?"

రమాకాంత్ సర్క్యులర్‌ను అటు తిప్పి ఇటు తిప్పి చదివాడు. లేదు. పైవాళ్లకు ఫోన్ చేస్తే, మంత్రిగారి కార్యక్రమంలో వేలు పెట్టొద్దన్నారు. నిబంధనలను గౌరవించే మనిషి గనక స్క్రూడ్రైవర్ తనే అందించాడు.

వారం తిరక్కుండానే మంత్రిగారు లక్ష్మీనర్సయ్యను పక్కన నిలబెట్టుకుని అభినందనలు చెప్పడానికి కేంద్రానికి వచ్చారు. ఆయన "సేఫ్టీ" అన్న మాట రెండోసారి అంటుండగా కరెంటు పోయింది. పంపు పలకలేదు. గోడమీది మీటరు ముల్లు ఎర్రగీత వైపు లేచింది. రమాకాంత్ ఇంటికి ఫోన్ చేసి భార్యాపిల్లల్ని కరీంనగర్ బస్సెక్కమన్నాడు. లక్ష్మీనర్సయ్యకు పైప్రాణాలు పైనే పోయాయి, తన ఇల్లూ పరకాలలోనే మరి. ఒక్క పరుగున పోయి పంపు బటన్‌ను చేత్తో ఒత్తిపట్టాడు. పంపు దగ్గి దగ్గి అందుకుంది. ముల్లు మెల్లగా దిగింది.

మంత్రిగారు చెమట తుడుచుకుని విలేకర్ల వైపు తిరిగారు.

"చూసిండ్రా? మనిషి ఉండంగ మిషన్ ఎందుకు? గీ సిస్టమ్ ప్రపంచంల ఏ దేశంల లేదు."

మాట నిలబెట్టుకున్నారు కూడా. మూడోరోజే పర్మనెంటు ఆర్డరు వచ్చింది. లక్ష్మీనర్సయ్య దాన్ని కళ్లకద్దుకుని భార్య విమలమ్మ చేతికిచ్చాడు. ఆమె సంతోషంతో కళ్లు తుడుచుకుంటూ చదివింది. డ్యూటీ, ఎమర్జెన్సీ పంపు పక్కన, ఇరవైనాలుగు గంటలు.

"ఏందయ్యా గిది? మరి నిద్ర?"

"ఆడనే."

"అన్నానికన్న ఇంటికొస్తవా?"

"రావొద్దని యాడ రాయలే," అన్నాడు లక్ష్మీనర్సయ్య గర్వంగా. "కరెంటు పోయిన పది సెకండ్లల్ల బటన్ కాడ ఉండాలన్నరు, గంతే."