నాలుగు సెంటీమీటర్ల పాఠం

ఊళ్లో బడులన్నిటికీ సెలవులిచ్చి నాలుగు రోజులైంది. ఆ ఇంట్లో బడికి మాత్రం సెలవు లేదు. భర్త కాస్త ముద్దుగా, కాస్త భయంగా ‘హెడ్మాస్టరమ్మ’ అని పిలిచే ఇల్లాలు పదేళ్ల కూతురికీ ఏడేళ్ల కొడుక్కీ ఇంట్లోనే చదువు చెబుతోంది. ఆ మధ్యాహ్నం మూడింటికి విద్యాశాఖ నుంచి పరిశీలకురాలు వస్తుంది. ఆవిడ సరేనంటేనే ఇంటి చదువు. కాదంటే సెలవులు ముగియగానే పిల్లలిద్దరూ బడికి పోవాల్సిందే.

అందుకు ఏర్పాట్లు పకడ్బందీగా జరిగాయి. పెద్దది పందొమ్మిదో ఎక్కం తడుముకోకుండా అప్పజెబుతుంది. చిన్నవాడు గ్రహాల పేర్లు వరస తప్పకుండా చెబుతాడు. ఈలోగా తను ఇల్లు సర్దుకోవాలి, పిల్లలు కాళ్లకు అడ్డం పడకూడదు. కుట్టుమిషను సొరుగులోంచి టేపు తీసి కూతురి చేతికిచ్చి, ఇంట్లో ప్రతి వస్తువునూ కొలిచి, కొలత పసుపు చీటీ మీద రాసి దానికే అంటించమంది.

పదిన్నరకల్లా ఇంట్లో చీటీ లేని వస్తువు లేదు. బల్లకి చీటీ, కుర్చీకి చీటీ, చీపురుకీ చీటీ. తను నూట డెబ్బై తొమ్మిది సెంటీమీటర్ల మనిషినని వీలైనప్పుడల్లా చెప్పుకునే తండ్రి సెలవు పెట్టి సోఫాలో నిద్రపోతుంటే ఆయన పొట్ట మీదా ఒకటి: “నాన్న. పొడవు 171. వెడల్పు కొలవలేదు. దొర్లించలేకపోయాం.”

తెరిచిన తలుపులోంచి ఎదురింటి పిన్నిగారు ఇదంతా చూసింది. ఆవిడ చూపు చురుకు, నోరు ఇంకా చురుకు. సామాన్లకి నంబర్లు వేశారంటే ఇల్లు మారుతున్నారని ఆవిడకి ఒకరు చెప్పాలా? కబురు ఫోనులో ఇంటి ఓనరుకి చేరింది. ఆయన నుంచి, ఇల్లు కావాలని నెలరోజులుగా ఆయన చుట్టూ తిరుగుతున్న కొత్త దంపతులకి చేరింది. పావుగంటలో ముగ్గురూ గుమ్మంలో ఉన్నారు.

“చెప్పాపెట్టకుండా ఖాళీ చేస్తారా అమ్మా? నేనేం తక్కువ చేశాను మీకు?” అన్నాడు ఓనరు, నిజంగానే నొచ్చుకుని.

ఖాళీ చెయ్యట్లేదనీ, ఇది పిల్లల పాఠమనీ ఆమె చెప్పింది.

“పాఠం పుస్తకంలో ఉంటుంది గానీ చీపురు మీద ఉంటుందా తల్లీ?”

ఆమె దగ్గర జవాబుంది, వినేవాళ్లు లేరు. దంపతులు అప్పటికే గదులు చూస్తున్నారు. భార్య సోఫా దగ్గర ఆగి, ఇది కూడా ఇంటితో పాటు ఇస్తారా అని ఓనరుని మెల్లిగా అడిగింది. సోఫా వరకే అడిగిందో, చీటీ ఉన్నదంతా కలిపి అడిగిందో తెలియలేదు. గురక మాత్రం ఆగలేదు.

అంతలో భుజాన సంచీతో ఇంకొకావిడ వచ్చి నిలబడింది. హెడ్మాస్టరమ్మ ఓపిక అక్కడితో నిండుకుంది.

“మీరూనా? రండి. వంటగది అటు, బాత్రూం ఇటు. కుళాయి కారుతుంది, ఓనరుగారు ఏడాదిగా బాగుచేయిస్తూనే ఉన్నారు. తీరిగ్గా చూసుకోండి. మేం మాత్రం ఎక్కడికీ కదలం.”

ఆవిడ ఏదో చెప్పబోయి ఆగింది. “సరే, చూస్తాను,” అని లోపలికి నడిచింది.

పడగ్గదిలో కొత్త పెళ్లికొడుకు చిన్నవాడి దగ్గర టేపు తీసుకుని, గోడకీ కిటికీకీ మధ్య జాగా కొలిచాడు. నూట నలభై రెండు. వాళ్ల బీరువా నూట నలభై. ఇల్లు ఖాయం చేసుకుందామని భార్యతో అన్నాడు.

“పట్టదు అంకుల్,” అంది పెద్దది. “ఆ టేపుకి మొదటి నాలుగు సెంటీమీటర్లు లేవు. ఉన్న జాగా నూట ముప్ఫై ఎనిమిదే.”

తలుపు దగ్గర హెడ్మాస్టరమ్మ గతుక్కుమంది. ఏళ్ల క్రితం టేపు చివర చిరిగితే కత్తిరించింది తనే. పారెయ్యడానికి చెయ్యి రాలేదు. కుట్టేటప్పుడల్లా మనసులోనే నాలుగు తీసేసుకుంటుంది. ఆ సంగతి పిల్లలకి చెప్పడం మరిచిపోయింది.

“నీకెవరు చెప్పారమ్మా?” సంచీ ఆవిడ అడిగింది.

“ఎవరూ చెప్పలేదండీ. నా ముప్ఫై సెంటీమీటర్ల స్కేలు కొలిస్తే ముప్ఫై నాలుగొచ్చింది. స్కేలు పెరగదు కదా. అందుకని టేపు చివర చూశాను.”

“నాన్నకైతే ఎనిమిది తీసేశాం,” అన్నాడు చిన్నవాడు. “టేపు రెండుసార్లు పెట్టాల్సొచ్చింది.”

హెడ్మాస్టరమ్మ నేర్పని పాఠం ఆమె ఇంట్లోనే పుట్టి, ఆమెకన్నా నిబ్బరంగా నిలబడి మాట్లాడుతోంది.

బీరువా పట్టని ఇల్లు తమకొద్దని దంపతులు వెళ్లిపోయారు. వాళ్ల వెనకే ఓనరూ వెళ్లాడు, కుళాయి సంగతి రేపు చూస్తానంటూ. సంచీ ఆవిడ మాత్రం కుర్చీ లాక్కుని కూర్చుని, ఒక ఫైలు తీసింది.

“మూడింటికని రాశాను గానీ, సెలవుల రద్దీలో బస్సు దొరకదేమోనని ముందే బయలుదేరానమ్మా.”

హెడ్మాస్టరమ్మకి కుళాయి దగ్గర నుంచి తను అన్నవన్నీ గుర్తొచ్చాయి.

“పందొమ్మిదో ఎక్కం...” అంది నీరసంగా.

“అక్కర్లేదు.”

ఆవిడ రాసి, సంతకం పెట్టి ఇచ్చిన కాగితం మీద రెండే వాక్యాలున్నాయి. పిల్లల చదువు ఇలాగే ఇంట్లో కొనసాగించవచ్చు. ఉపాధ్యాయురాలు తక్షణం సెలవులు తీసుకోవాలి.

గుమ్మం దాటి ఆవిడ అటు వెళ్లగానే ఇటు సోఫాలో మనిషి లేచాడు. పొట్ట మీది చీటీ ఒకటికి రెండుసార్లు చదువుకుని, “ఇదెవరు కొలిచారు? శుద్ధ తప్పు,” అన్నాడు.

ఇన్నేళ్లూ ఆయన తన ఎత్తు కొలుచుకున్నది ఏ టేపుతోనో చెప్పే పాఠాన్ని హెడ్మాస్టరమ్మ సెలవుల తర్వాతికి వాయిదా వేసింది.