ఒకే డాక్టరు, రెండు వాపులు

మిక్సీలు బాగుచేసే మెకానిక్ ఆ సాయంత్రం డాక్టరు దగ్గర్నుంచి కుంటుకుంటూ వచ్చాడు. ముఖం మాత్రం లాటరీ తగిలినట్టు వెలిగిపోతోంది.

"ఏమేవ్! నా మోకాలి వాపు సంగతి తేలిపోయింది!" అని గుమ్మంలోంచే కేకపెట్టాడు.

"ఏమిటట?" అంది భార్య.

"కోపం! ఎన్ని మందులు మింగినా, లోపల కోపం రగులుతుంటే వాపు ఓ పట్టాన తగ్గదట. ఇవాళ్టినుంచి నాకెవరూ కోపం తెప్పించకూడదు. ముఖ్యంగా ఆ మిక్సీ మాట ఎత్తకూడదు."

ఊరందరి మిక్సీలూ తిప్పే ఆ మహానుభావుడి ఇంట్లోది మాత్రం నెలల తరబడి మూలన పడుంది. "రేపు చూస్తాలే" అని ఆయన, చేత్తో నూరుకుంటూ ఆవిడ.

"అలాగేనండీ" అంది ఆవిడ. అంతే! మెకానిక్ గాల్లో తేలిపోయాడు.

వారమంతా రాజభోగం. కాలు స్టూలు మీద, చెయ్యి రిమోట్ మీద. ఆవిడ నోరు తెరవబోతే చాలు, మోకాలు పట్టుకుని "అబ్బా, వాపు!" అనేవాడు. నిజంగానే వాపు కాస్త తీసింది కూడా.

ఈలోగా ఆవిడ వేళ్లు వాచాయి. ఉంగరం బిగుసుకుపోయి కదలనంది. ఆవిడా ఆ డాక్టరు దగ్గరికే వెళ్లి, పరుగులాంటి నడకతో తిరిగొచ్చింది.

"ఏమండీ! నా వాపు సంగతీ తేలిపోయింది!"

మెకానిక్ రిమోట్ పక్కన పెట్టాడు. "నీకూ కోపమేనా?"

"కోపాన్ని మింగెయ్యడం! నూరడం ఆపాలట. లోపల దాచుకున్నదంతా మీకు నెమ్మదిగా చెప్పేసుకోవాలట." కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. "మొదలుపెట్టనా?"

"మరి నా మోకాలో?"

"మీరు కోప్పడకుండా వినండి. ఇద్దరికీ తగ్గుతుంది."

ఆవిడ మొదలుపెట్టేసింది. ఎదురుచెబితే కోపం వచ్చినట్టు. లేచి పారిపోదామంటే మోకాలు. దిక్కుతోచక మూలనున్న మిక్సీ లాక్కుని, ఒళ్లో పెట్టుకుని విప్పాడు. ఊడింది ఒకే ఒక్క తీగ! ఆవిడ వాచిన వేళ్లు చూసి నిజంగానే సిగ్గేసింది.

తీగ బిగించి స్విచ్ వేశాడు. మిక్సీ గయ్యిమంది. ఆ చప్పుడులో ఆవిడ మాటలు వినిపించడం మానేశాయి. ఇదేదో బాగుందని ఆపకుండా తిప్పుతూనే ఉన్నాడు.

ఆవిడ చల్లగా లేచి స్విచ్ ఆపింది.

"సగం వినబడలేదు కదూ? మళ్లీ మొదట్నుంచి చెబుతా. ఎలాగూ ఇంకా మన పెళ్లి భోజనాల దగ్గరే ఉన్నాం. కోపమొస్తోందా?"

"అబ్బెబ్బే!" అంటూ మెకానిక్ మోకాలు నిమురుకున్నాడు.