ఏడో వార్డులో నాలుగు కట్టలు

నడిరోడ్డు మీద కట్ట లేని ఊరు కూడా ఒక ఊరేనా?

పాఠకులు తొందరపడి "ఎందుకు కాదు?" అనవద్దు. తొందర ఎంత చెడ్డ రోగమో తెలియకనే మీరట్లా అంటున్నారు. ఆ రోగానికి మందు కనిపెట్టింది మా మున్సిపాలిటీ! మందు పేరు కాగితాల మీద 'వేగ నిరోధక నిర్మాణం'. జనం నోట్లో ఉత్త కట్ట. రోడ్డుకు అడ్డంగా రాళ్లూ మొరమూ పోసి, పైన సిమెంటు పూసిన కట్టలు నాలుగు, నూటయాభై గజాల వీధిలో! లారీ కానివ్వండి, టాంగా కానివ్వండి, పోస్టుమాన్ సైకిల్ కానివ్వండి, అక్కడికి రాగానే వినయం నేర్చుకోవలసిందే.

మా ఊరు కరీంనగర్ జిల్లాలో ఉన్నది. పేరు చెప్పను. చెబితే దాని మీద కూడా మా కౌన్సిల్ ఒక తీర్మానం చేస్తుంది. నేను ఏడో వార్డు మెంబరును. ఏడో వార్డంటే పద్మశాలి వాడ. ఆ వీధి గురించి ఇంతవరకు జరిగిన మూడు తీర్మానాలకూ చెయ్యెత్తినవాణ్ణి నేను. కాబట్టి వాటి గొప్పతనం చెప్పడానికి నాకంటే తగినవాడు ఎవరున్నారు?

ముందు మా వాళ్ల అనాగరికత సంగతి చెప్పాలి. నూలును మగ్గానికి ఎక్కించే ముందు పడుగును, అంటే బట్టలోని నిలువు పోగులను, పొడుగ్గా సాగదీసి, రెండు కొసలా గుంజలకు కట్టి, గంజి పట్టించి, ఇద్దరు మనుషులు చెరోవైపు నిలబడి పెద్ద కుంచెతో దువ్వాలి. దువ్వకపోతే పోగులు ఒకదానికొకటి అంటుకుని మగ్గం మీద తెగిపోతాయి. దీనికి ముప్పయి నలభై గజాల తావు కావాలి. అంత తావు ఏ నేతగాని ఇంట్లో ఉంటుంది? అందుకని తాతల నాటి నుంచీ పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా వీధి పడుగులది. ఎనిమిది దాటితే లోకానిది. పోలీస్ యాక్షన్ అయ్యింది, నిజాం పోయాడు, ఆంధ్రప్రదేశ్ వచ్చింది. ఇన్ని జరిగినా ఆ రెండు గంటలు మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

కొండగట్టు బస్సు ఆ వీధిలోంచే పోతుంది. వీధి ఇరుకు. నడుమ పడుగు, చెరోవైపు మనుషులు, ఇక బస్సుకు తావేది? డ్రైవర్ హనుమండ్లు పడుగు కొసన బస్సు ఆపి, దిగి, బీడీ ముట్టించేవాడు.

"సాంబన్నా, ఇంకెంతసేపు?"

"జర ఆగు తమ్మీ. ఇంకో నాలుగు దువ్వులే."

ఈ సాంబయ్య మా వాడలో పెద్ద పనివాడు. ఆయన ఒకవైపు, భార్య దేవవ్వ ఒకవైపు నిలబడి దువ్వారంటే పడుగు అద్దంలాగా మెరుస్తుంది. అది చూస్తూ బస్సులోని జనం దిగి చాయ్ తాగేవారు. మొక్కు తీర్చుకోవడానికి పోయేవాళ్లకు తొందరేమిటి? ఆంజనేయస్వామి కొండ దిగి పారిపోతాడా?

ఇట్లా మా ఊరు వెనుకబడి, హాయిగా బతుకుతుండగా, చైర్మన్ రామచంద్రం గారు ఒక మహాసభ కోసం పట్నం వెళ్లారు. నాలుగు రోజులకు తిరిగివచ్చి, మీటింగులో నిలబడి, గద్గద స్వరంతో ఒక్క మాట చెప్పారు.

"పట్నంల రోడ్డు మీద బండ్లు తప్ప ఏం లెవ్వు. మన రోడ్డు మీద బండ్లు తప్ప అన్నీ ఉన్నయ్!"

మాకందరికీ తల కొట్టేసినట్టయింది. అక్కడికక్కడే మొదటి తీర్మానం చేశాం. రాకపోకలకు ఆటంకం కనుక వీధుల్లో పడుగులు చాచరాదు! నేనూ చెయ్యెత్తాను. ఒక చేతిలో మిరపకాయ బజ్జీ ఉన్నందువల్ల రెండో చెయ్యి ఎత్తానని గుర్తు.

మర్నాటి నుంచి వీధి బోడిగా, శుభ్రంగా, సూటిగా తయారైంది. అభివృద్ధి అంటే ఎంత వేగంగా వస్తుందో అప్పుడు చూశాం. ఖానాపూర్ వైపు నుంచి టేకు దుంగల లారీలు ఇదివరకు ఊరి చుట్టూ తిరిగి పోయేవి. వీధి ఖాళీ అయిందని వాటికి ఎవరు జాబు రాశారో గాని, వారం తిరక్కుండానే మా గుమ్మాల ముందు నుంచి దూసుకుపోవడం మొదలుపెట్టాయి. మొదటి వారం మూడు కోళ్లు, ఒక మేక! మామూలుగా పండుగ వస్తే గాని కూర ఉడకని ఇళ్లలో మంగళవారం నాడు కూడా మసాలా వాసన వచ్చింది. దీన్ని మేలు అనకపోతే మరేమంటారు?

అయితే మేలు మరీ ఎక్కువైతే జనం ఓర్చుకోలేరు. లారీలను మెల్లగా పోనివ్వమని గొడవ చేశారు. కౌన్సిల్ మళ్లీ కూర్చుంది. ఒక పెద్దమనిషి ఉపాయం చెప్పారు.

"తొవ్వ ఇరుకైతే లారీ మెల్లగ పోతది. అంగడి బండ్లు గా వాడల నిలబెట్టుండ్రి. ఇటొక వరస, అటొక వరస."

ఎంత తెలివి! రెండో తీర్మానం. ప్రతి గురువారం జరిగే అంగడికి వచ్చే ఎడ్లబండ్లన్నీ ఇక మీదట పద్మశాలి వాడలో ఇళ్ల ముందే ఆగాలి. మళ్లీ చెయ్యెత్తాను. ఈసారి బజ్జీలు లేవు, అలవాటు కొద్దీ ఎత్తాను.

చొప్పదండి వైపు నుంచి బండ్లు కోడి కూయకముందే వచ్చి వరసగా నిలబడేవి. లాభాలు ఒకటా రెండా? ఎరువు కోసం ఎక్కడికీ పోనక్కరలేదు, గడప ముందే పడుతుంది. ఇల్లు మళ్లీ కప్పుకోవడానికి బద్ధకించేవాళ్లకు ఎడ్లు చూరు గడ్డి మేసిపెట్టి తొందర చేసేవి. ఇక వ్యాయామం! ప్రతి గుమ్మానికీ ఒక బండి కాడి అడ్డం. బిందెతో బయటికి పోవాలన్నా, లోపలికి రావాలన్నా వంగి దాని కింద దూరవలసిందే. మా ఇంటావిడ శంకరవ్వ ప్రతి అంగడి నాడూ ఇరవై సార్లు వంగి లేచి, ఒకనాడు నడుము పట్టుకుని నా ముందు నిలబడింది.

"ఊరంత దేవునికి వంగుతరు. నేను ఎడ్లకు వంగుతున్న. గీ పుణ్యమంత నీదే!"

భార్య నోట ఇంతటి ప్రశంస ఎందరు మెంబర్లకు దక్కుతుంది?

మరి లారీలు? అంగడి నాడు మెల్లగా పోయేవి, మిగిలిన ఆరు రోజులూ గాలిలో పోయేవి. అప్పుడు పుట్టింది మూడో తీర్మానం. అదే మన నాలుగు కట్టలు. ఓవర్సియర్ గారు టేపు పట్టుకుని వచ్చి, మూడు రోజులు కొలిచి, మొదటి కట్ట కట్టించారు. అది మరీ పొట్టిది. లారీలు దాన్ని గమనించనే లేదు. రెండో కట్టకు ఆయన పౌరుషమంతా వాడారు. కొండగట్టు బస్సు దాని మీదికి ఎక్కి, ముందుకూ పోక, వెనక్కూ రాక, పొదిగే కోడిలాగా కూర్చుంది. భక్తులు దిగి "జై ఆంజనేయా" అంటూ తోశారు. కొండ ఎక్కకముందే పుణ్యం వచ్చిన చోటు ఇదొక్కటే! తరువాతి రెండింటినీ ఆ రెండింటికీ నడుమ ఎత్తులో కట్టించి, మొత్తం నాలుగూ సమానం చేశారు.

కట్టల మహిమ ఏమని చెప్పను? పెరుగు అమ్మే కిష్టవ్వ టాంగాలో కుండ పెట్టుకుని వాడ మొదట్లో ఎక్కితే, నాలుగో కట్ట దగ్గర దిగేసరికి వెన్న పైకి తేలుతుంది, అడుగున చల్ల మిగులుతుంది. కవ్వం అటకెక్కింది! అలిగి టాంగాలో చెరో అంచున కూర్చున్న కొత్త దంపతులు రెండో కట్టకు దగ్గరవుతారు, మూడో కట్టకు మాట్లాడుకుంటారు. బస్సులో నిద్రపోయి ఊరు దాటిపోయే ముసలివాళ్లు ఇప్పుడు సరిగ్గా తమ ఇంటి ముందు లేస్తున్నారు. కోళ్లయితే కట్టల మీద ఎక్కి కూర్చుని లారీలను కిందికి చూస్తున్నాయి. కోడికి ఇంత గౌరవం ఏ రాజ్యంలో దక్కింది?

ఇంత చక్కని ఏర్పాటులో తప్పు పట్టింది ఒక్క దేవవ్వ. ఒకనాడు నీళ్లకు పోతూ నన్ను ఆపింది.

"అన్నా, ఒక్క మాట అడుగుత. పడుగులు తీయించింది బండ్లు జల్ది పోవాల్నని. కట్టలు కట్టించింది బండ్లు మెల్లగ పోవాల్నని. పడుగులున్ననాడు బండ్లు మెల్లగనే పోయినయ్ గద! గా మాట మీ మీటింగుల ఎవ్వలు అనలేదా?"

చదువు రాని ఆడమనిషి. కౌన్సిల్ వ్యవహారాలు ఆమెకేం తెలుస్తాయి? నేను ఓపికగా విడమర్చి చెప్పాను.

"చెల్లె, పడుగు పైస ఖర్చు లేకుండ పుక్కట్ల వచ్చేది. పుక్కట్ల వచ్చేదాన్ని డెవలప్‌మెంట్ అనరు."

ఆమె కడవ ఎత్తుకుని తన దారిన పోయింది. తిట్టినా బాగుండేది.

ఇక్కడ కొంచెం సాంబయ్య విషయం చెప్పాలి. వీధి పోయిన తర్వాత ఆయన పడుగునూ గుంజలనూ మోసుకుని ఊరి బయట వాగు దగ్గరికి పోయేవాడు. అక్కడ తావు ఎంత కావాలంటే అంత! కాకపోతే గాలి. గంజి తడి ఆరకముందే ఇసుక లేచి పోగులకు పట్టుకునేది. మగ్గం మీద ఆ ఇసుక పోగులను కోసేది. రోజుకు పదిసార్లు అతుకు వేసుకుంటూ నేసిన బట్ట గరుకుగా వచ్చేది. బట్ట కొనే చేనేత సొసైటీ వాళ్లు వేళ్లతో తడిమి చూసి పక్కన పెట్టేవారు. ఊళ్లో అందరికంటే నున్నగా నేసే మనిషికి అది ఎట్లా ఉంటుందో నేను చెప్పనక్కరలేదు.

ఒక మంగళవారం పొద్దున ఆయన ఇంటి ముందు నుంచి పోతుంటే లోపల సుత్తి దెబ్బలు వినిపించాయి. తొంగిచూశాను. సాంబయ్య మగ్గం విప్పుతున్నాడు.

"ఏంది సాంబయ్యా, రిపేరా?"

"రిపేరు కాదన్నా. భివండి పోతున్నం. మా తమ్ముడు ఆడ మిల్లుల ఉన్నడు. ఆడ పడుగులు మిషిన్ల మీదనే అయితయట. వీధితోని పనే లేదట. గీ శనివారం ఎల్లిపోతం."

ఆయన సుత్తి కింద పెట్టి నిమ్మళంగా అడిగాడు.

"ఒక్కటి చెప్పన్నా. నువ్వు చెయ్యెత్తంగ మా పడుగు నీకు యాదికి రాలేదా?"

పాఠకులారా, ఇంతవరకు ఎన్నో గొప్పలు చెప్పాను, ఇక్కడ మాత్రం నిజం చెబుతున్నాను. యాదికి రాలేదు. మా బాపు కూడా అదే వీధిలో పడుగు దువ్వినవాడే. ఆ గంజి కూడు తిని పెరిగిన నాకు మీటింగులో అది గుర్తే రాలేదు. నాకు సిగ్గేసింది. సాంబయ్య ముందు నిలబడలేక, మీటింగుందని అబద్ధం చెప్పి బయటపడ్డాను.

ఆ శుక్రవారం మా మున్సిపాలిటీని దేవుడు కరుణించాడు. ఒక టేకు లారీ మూడో కట్టను గుద్ది సగం ఊడగొట్టింది. ఓవర్సియర్ గారు సాయంత్రానికల్లా కొత్త సిమెంటు పూయించి, పచ్చి కట్టను రోజూ పొద్దున తడపాలని చెప్పి వెళ్లిపోయారు. శనివారం తెల్లవారి చూస్తే వాడకు రెండు కొసలా నల్లరంగు అక్షరాలతో రెండు చెక్క బోర్డులు!

'కట్ట తడుపుచున్నాము. ఉదయం ఆరు నుండి ఎనిమిది వరకు బండ్లు రాకూడదు. మున్సిపాలిటీ వారి ఉత్తర్వు.'

హనుమండ్లు బస్సు ఆపి, దిగి, బీడీ ముట్టించాడు. లారీలు ఊరి చుట్టూ తిరిగిపోయాయి. వీధి రెండు గంటల పాటు ఖాళీ. పాత అలవాటు చెడ్డది కదా! మొదట ఒకరు, తరువాత మరొకరు గుంజలు తెచ్చి పాతారు. రెండు కట్టల నడుమ దూరం సరిగ్గా ఒక పడుగు పొడుగుంది. ఓవర్సియర్ గారు మూడు రోజులు కొలిచింది ఊరికే పోలేదు! మూటలు కట్టుకుని గడపలో కూర్చున్న దేవవ్వ అది చూసింది. లేచి, మూట విప్పి, కుంచె బయటికి తీసింది.

"లేవయ్యా! ఒక్క పడుగు దువ్విపోదాం. మనం పోయే బండి సాయంత్రం గద!"

ఆ సాయంత్రం బండి వెళ్లిపోయింది. వీళ్లు ఎక్కలేదు. సాంబయ్య మగ్గం మళ్లీ బిగించుకున్నాడు.

ఇది జరిగి ఎనిమిది నెలలయింది. బోర్డులు అట్లాగే ఉన్నాయి. మొన్న చైర్మన్ గారు నన్ను పిలిచి ఆరా తీశారు.

"ఎనిమిది నెలలాయె. గా కట్ట ఇంక ఆరలేదా?"

"పెద్ద కట్ట చైర్మన్ సాబ్. లోపటి దాంక తడవాలె."

"గా బోర్డులు పెట్టుమని ఎవలు చెప్పిండ్రు? ఆఫీసుల ఉత్తర్వు లేదంటుండ్రు!"

విషయం తీవ్రమైనది కనుక ఆయన వెంటనే విచారణ సంఘం వేశారు. వార్డు మెంబరును కనుక సంఘం అధ్యక్షుణ్ణీ, సభ్యుణ్ణీ నేనే. సాక్షులను విచారించాను. హనుమండ్లు తనకు అక్షరాలు రావన్నాడు. దేవవ్వ పడుగు మీది నుంచి తల ఎత్తలేదు గాని, మూతి మీద నవ్వు మాత్రం దాచలేకపోయింది. శంకరవ్వను విచారించడం మానుకున్నాను. నా ధోవతికి అంటిన నల్లరంగు ఎన్ని ఉతుకులకూ పోవడం లేదని ఆమె వాడంతా చెప్పుకుంటున్నది. అటువంటి సాక్ష్యం విచారణకు పనికిరాదు.

నివేదిక రాసి ఇచ్చాను. బోర్డు పెట్టినవాడు దొరకలేదని రాశాను. కట్ట ఇంకా పచ్చిగా ఉన్నదనీ రాశాను. రాయనిది ఒక్కటే. ఈ వాడ కౌన్సిల్‌ను కట్టలు అడగలేదు, బండ్లు అడగలేదు. తనదైన వీధిని పొద్దున రెండు గంటలు తనకు వదలమన్నది. ఆ చిన్న మాట చెప్పడానికి మూడు మీటింగుల్లో ఎవరికీ నోరు రాలేదు, ఈ మెంబరుకు కూడా! నిజం చెప్పి తెచ్చుకోలేనిదాన్ని అబద్ధం బోర్డుతో తెచ్చుకుంటున్నాం.

అందుకని మనవి చేస్తున్నాను. మా మూడో కట్ట ఇప్పట్లో ఆరదు. సాంబయ్య మగ్గం ఆడినంత కాలం అది ఆరదు!