గ్రీజు బొట్టు

మధ్యాహ్నంలోపు మూడు చోట్ల నీటి కొలతలు తీసి, రెండింటికల్లా రేవు చేరి, హాయిగా ఓ కునుకు తీయాలన్నది ఆ ఉదయం సరంగు అప్పడు వేసుకున్న పథకం. తెలుగువాళ్లు ఎప్పుడో సముద్రం దాటి వచ్చి స్థిరపడిన పేరాక్ రాష్ట్రంలో, కొండల నడుమ ఉన్న ఆ పెద్ద మంచినీటి సరస్సులో పరిశోధన నౌకను నడిపేది అతనే. నెలాఖరుకు కాంట్రాక్టు ముగుస్తుంది. పొడిగించాలంటే డైరెక్టర్ యోగేశ్వరన్ సంతకం కావాలి. అందుకే ఆ నెలంతా ఎవరికీ ఎదురు చెప్పకుండా, ప్రతి పనీ అవసరానికి మించి చేస్తున్నాడు.

పైగా ఆ రోజు ఆయుధపూజ. తెల్లవారగానే ఇంజనుకు, చుక్కానికి, లంగరుకు, చివరికి గ్యాస్ సిలిండరుకు కూడా పసుపు రాసి కుంకుమ పెట్టాడు. నీటిలో బురద ఎంతుందో కొలిచే పరికరం దగ్గర మాత్రం ఆగాడు. నీళ్లలో దిగేదానికి బొట్టు చెరిగిపోతే అపశకునం కదా! బాగా ఆలోచించి, కుంకుమను ఇంజను గ్రీజులో రంగరించి, పరికరం అడుగున మెరుస్తున్న అద్దం మీద నిండుగా దిద్దాడు.

తొమ్మిదింటికి మొదటి కొలత. ఉద్యోగంలో చేరి నెల తిరగని శాస్త్రవేత్త సుమిత తెర చూసి కెవ్వుమంది.

"అంకుల్! అంతా బురదే. మీటర్ ఫుల్ లా!" అంది, అక్కడందరిలాగే మాట చివర 'లా' తగిలించి.

అప్పడు బకెట్టుతో నీళ్లు తోడి చూశాడు. "తేటగానే ఉన్నాయి కదమ్మా?"

"పైన తేట అంకుల్. కింద బురద."

చదువుకున్న పిల్లకు ఎదురు చెప్పడమెందుకని, "అవునమ్మా, నిన్న వాన పడినాది. ఏ కొండో జారినాదేమో," అని తన వంతు సాయం చేశాడు.

రెండో చోటా అంతే, మూడో చోటా అంతే. కొండచరియ విరిగిపడిందని ఇరవై ఏళ్ల అనుభవమున్న సరంగు ధ్రువీకరించినట్టు సుమిత ఆఫీసుకు కబురు పంపింది. అరగంటలో విహార పడవలు ఆగిపోయాయి. చేపల పెంపకందార్లు వలలు ఎత్తుకోసాగారు. జారిన కొండను వెతకడానికి ఒక జట్టు అడవిలోకి దిగింది. డైరెక్టర్ ఈపో పట్నం నుంచి కారులో బయల్దేరారు.

మూడో కొలత అయ్యాక పరికరాన్ని పూర్తిగా పైకి లాగినప్పుడు అప్పడికి బొట్టు కనిపించింది. ఇసుమంత కూడా చెరగలేదు. మొదట సంతోషించాడు. ఆ తర్వాత, మీటరు నీళ్లను చూసే అద్దానికే అది అడ్డం పడిందని బోధపడింది. గుడ్డతో గబగబా తుడిచి మళ్లీ నీళ్లలోకి దించాడు.

"అంకుల్, బురద పోయినాది!" సుమిత మొహం పాలిపోయింది. "ఇప్పుడు బాస్ వచ్చి చూస్తే నా పని పోతాది."

ఆమె కళ్లలో నీళ్లు చూసి అప్పడి ప్రాణం విలవిల్లాడింది. తన పని పోతే పోయింది, ఈ పిల్లకేం కాకూడదనుకున్నాడు.

"నాను సెప్తానమ్మా బాసుకి. నువ్వు ఊరుకో."

వాళ్లు రేవుకు చేరేసరికి యోగేశ్వరన్ కారు దిగి, కారు అమ్మిన దుకాణం వాళ్లను ఫోన్లో ఉతికి ఆరేస్తున్నారు.

"కొత్త కారు! వెనక కెమెరాలో ఒట్టి మంచే కనపడతాది. ఇంటి గేటుకే గుద్దినాను. ఏటి సామాను లా మీది?"

అప్పడు కారు వెనక్కి వెళ్లాడు. బంపరు సొట్టపోయి ఉంది. కెమెరా మీద దళసరిగా గంధం, దాని నడుమ కుంకుమ. భుజం మీది తువ్వాలుతో తుడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"బాసూ, మన సరస్సు కూడా ఇలాగే బురదైపోనాది. ఆ మీటరుకి నానే బొట్టు ఎట్టినాను. పాప తప్పేటీ లేదు."

యోగేశ్వరన్ తువ్వాలు మీది గంధం మరకను చూశారు, సొట్టను చూశారు. పొద్దున హారతి పళ్లెంతో కారు చుట్టూ తిరిగిన భార్య కమలాక్షి గుర్తుకొచ్చింది కాబోలు, ఫోను పెట్టేశారు.

ఆఫీసుకు ఫోన్ చేసి, మీటరు శుభ్రం చేయించామని, సరస్సు బాగానే ఉందని చెప్పారు. తర్వాత అప్పడి దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు.

"ఈ కారు సంగతి ఆఫీసులో ఎవరికీ సెప్పకు లా."

"ఏ కారు బాసూ?"

నెలాఖరున అప్పడి కాంట్రాక్టు రెండేళ్లు పొడిగించారు; కార్ల దుకాణానికి క్షమాపణ మాత్రం ఇంకా అందలేదు.