ముందు నడిచిన ముళ్లపంది

ఒక పెద్ద అడవిలో పరుగు పందేలంటే చెవి కోసుకునే జంతువులుండేవి. ఆ పందేలు నడపడానికి ఒక సమాఖ్య ఉండేది. ఆ సమాఖ్యకు ఒక్క పందెంలోనూ పరుగెత్తని అధ్యక్షుడు ఉండేవాడు. పేరు శూలపాణి. జాతికి ముళ్లపంది.

ఆయన ఆ పీఠం ఊరికే ఎక్కలేదు. ఆ పందేల్లో ఒక ఆనవాయితీ ఉంది. బాట మీద ఎవరైనా జారిపడినా, చెట్టు విరిగి అడ్డం పడినా మలుపు దగ్గర రేలపూల గుత్తి ఊపుతారు. పసుపు కనబడగానే అందరూ వేగం తగ్గించి, ముందునడక జంతువు వెనక వరస కట్టాలి. దాన్ని దాటకూడదు. పచ్చకొమ్మ ఊపితే ముందునడక పక్కదారి పడుతుంది. మళ్లీ పరుగు మొదలవుతుంది.

మొదట్లో ఆ పనికి ఎవరు దిగినా కుందేళ్లు పక్కనుంచి తుర్రుమనేవి. శూలపాణిని పెట్టాక ఆ రగడ తీరింది. వెనకంతా ముళ్లున్నవాణ్ణి రాసుకుంటూ పోవాలని ఎవరికుంటుంది?

"క్రమశిక్షణంటే ఈయన దగ్గరే చూడాలి" అన్నారు పెద్దలు. ఆ మాట పట్టుకుని శూలపాణి కార్యదర్శి అయ్యాడు, తర్వాత అధ్యక్షుడయ్యాడు. ఇప్పచెట్టు కింద రాతిపీఠం, రాలిన ఇప్పపూలలో మొదటి వాటా దక్కాయి. అయినా ముందునడక పని మాత్రం వదల్లేదు. జనం చూసేది బాటనే గాని పీఠాన్ని కాదని ఆయనకు బాగా తెలుసు.

ఇంతలో ఎన్నికలు దగ్గరపడ్డాయి. కృష్ణజింక చెంగయ్య నిలబడతాడని పుకారు పుట్టింది. చెంగయ్య ఒకప్పటి విజేత. మోకాలు దెబ్బతిని పరుగు మానేశాడు గాని, కుంటుకుంటూ పోతున్నా పిల్లలు వెంటపడతారు.

శూలపాణికి ఇప్పపూలు చేదనిపించాయి. కార్యదర్శి సాంబమూర్తిని పిలిచాడు. సాంబమూర్తి తొండ. ఏ మాటకైనా తలూపుతాడు. ఆయన అర్హత అదే.

"ఏమోయ్, పందెం గెలిచినవాడే పందేలు నడిపితే న్యాయంగా ఉంటుందా?"

సాంబమూర్తి తలూపాడు.

"ఉండదు కదా?"

దానికీ ఊపాడు.

సాయంత్రానికి కొత్త నియమం వెలువడింది: పందెం గెలిచినవారెవరూ అధ్యక్షపీఠానికి అర్హులు కారు.

చెంగయ్య స్వయంగా వచ్చాడు. "ఇది నా కోసమేనా, శూలపాణిగారూ?"

"ఎంత మాట! మనుషుల్ని చూసి చట్టాలు చేస్తారా ఎక్కడైనా? నిష్పాక్షికత కోసమయ్యా."

"సడలించే వీలుందా?"

"ఎవరికోసమూ లేదు."

"గట్టి నియమమే" అని నవ్వి వెళ్లిపోయాడు చెంగయ్య.

అడ్డు తొలగింది. అయినా వార్షిక పందెం మర్నాడే ఓటింగు. ఓటర్ల కళ్లలో తన రూపం తాజాగా ఉండాలి.

"సాంబమూర్తీ, చివరి మలుపులో పసుపు ఊపించు. నేను చెప్పేదాకా పచ్చకొమ్మ ఎత్తకు."

"కారణం ఏం చెప్పమంటారు?"

"చీమలు దాటుతున్నాయని చెప్పు."

"చీమలు ఎప్పుడూ దాటుతూనే ఉంటాయండీ."

"అందుకేగా చెప్పమంటున్నది."

పందెం రోజున చివరి మలుపులో రేలపూలు ఊగాయి. శూలపాణి ముళ్లు గలగలలాడించుకుంటూ బాట మీదికి వచ్చాడు. వెనక వరస కట్టారు.

"ఏం బాబాయ్, మనం పందేనికొచ్చామా, పెళ్లి ఊరేగింపుకొచ్చామా?" అంది కుందేలు.

"పెళ్లయితే పప్పన్నమైనా పెట్టేవాళ్లు" అంది రేచుకుక్క.

"దాటెయ్యకూడదూ?"

"నువ్వు దాటు. నీకు గుచ్చుకున్న ముళ్లు నేను పీకిపెడతాలే."

గట్టు మీద జనం గోల పెట్టారు. అది తనమీది అభిమానమే అనుకుని శూలపాణి ముళ్లన్నీ విప్పి దండం పెట్టాడు. పక్కదారి మొదట్లో సాంబమూర్తి పచ్చకొమ్మ పట్టుకుని, ఎత్తమని ఆయన ఎప్పుడు చెబుతాడా అని చూస్తున్నాడు. శూలపాణి చెప్పలేదు. ఆయన చూపంతా జనం మీదే ఉంది.

"పక్కదారి, శూలపాణిగారూ! పక్కకు తిరగండి!" అని అరిచాడు చెంగయ్య.

'పాపం, ఓర్వలేకపోతున్నాడు' అనుకుని ఇంకో నాలుగడుగులు వేశాడు శూలపాణి.

ముగింపు గీత దగ్గర ఏకాంబరం అనే కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంది. దాని లోకమంతా ఆ గీతే. గీత దాటే మొదటి కాలు ఎవరిదో చూడటమే దాని ఉద్యోగం. చూసింది. ముక్కు పైకెత్తింది.

"విజేత, శూలపాణి!"

ఎవరో మెడలో పూలదండ వేశారు. శూలపాణి మెడ వంచి వేయించుకున్నాడు. సాంబమూర్తి పరుగున వచ్చి చెవి దగ్గర, "అయ్యా, మరి రేపటి ఎన్నిక..." అన్నాక గాని దండ బరువు తెలియలేదు.

"ఏకాంబరం, నేను పోటీదారుణ్ణి కాదయ్యా!"

"అది నాకు తెలియదండీ. నాకు గీత తెలుసు."

"నియమం సడలిద్దాం అయితే!"

"సడలించండి" అన్నాడు చెంగయ్య, దగ్గరికొచ్చి. "నాక్కూడా కలిసొస్తుంది."

శూలపాణి చెంగయ్య వెనక చేరిన జనాన్ని చూశాడు. సడలిస్తే పీఠం ఇతనిది. సడలించకపోతే తనది కాదు.

"నియమం నియమమే" అన్నాడు చివరికి. ఆ గొంతులో నిష్పాక్షికత తొలిసారి వినిపించింది.

మర్నాడు, ఏ పందెమూ గెలవని సాంబమూర్తి ఏకగ్రీవంగా ఎన్నికయ్యాడు. ఒప్పుకుంటావా అని అడిగితే తలూపాడు.

నిరుటి విజేత మరుసటి ఏడు ముందు వరసలో పరుగెత్తి తీరాలన్నది పాత ఆనవాయితీ. ఏడాది తిరిగింది. శూలపాణి కుందేలు పక్కన నిలబడి కొత్త అధ్యక్షుణ్ణి పిలిచాడు.

"సాంబమూర్తిగారూ, నన్ను మినహాయించవచ్చు కదండీ?"

సాంబమూర్తి తలూపాడు.

"పరుగెత్తించాలి కదండీ?" అంది కుందేలు.

దానికీ ఊపాడు. అంతలో పందెం మొదలైంది. శూలపాణి రొప్పుతూ, బాట పక్కన ఎక్కడైనా చీమలు కనబడతాయేమోనని వెతుక్కుంటూ పరుగెత్తాడు.

నీతి: పందేలు నడిపేవాడు ఏం చేసినా చెల్లుతుంది, గెలవకుండా ఉంటే చాలు.