దయ్యం వేషం చుక్కమ్మకిచ్చారు

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న సభ ఉండేది. దానికి అధ్యక్షుడు కొమ్ములయ్య అనే దుప్పి. ఆయనేదో మహా గొప్పవాడని కాదు. గడ్డి తినేవాణ్ణి కూర్చోబెడితే సభ్యుల సంఖ్య తగ్గకుండా ఉంటుందని అందరూ కలిసి పెట్టుకున్నారు.

ఒకరోజు పెద్దపులి గారు కొమ్ములయ్యని భోజనానికి పిలిచారు. కొమ్ములయ్య వెళ్ళాడు. భోజనమైతే అయింది గాని కొమ్ములయ్య తిరిగి రాలేదు. మర్నాటి నుంచి ఆ పీఠం మీద పులి గారు కూర్చున్నారు.

విచారణకి కమిటీ వేశారు. కమిటీ అంటే కొంగ పంతులు ఒక్కడే. తెల్లటి ఒళ్ళు, ఒంటికాలి మీద నిలబడటం, కళ్ళు మూసుకుని ఆలోచించడం, ఇవన్నీ చూసి సభ రికార్డులు ఆయనకి అప్పగించి చాలా కాలమైంది. ఆయన అలవాటు ప్రకారం కళ్ళు మూసుకుని ఆలోచించి, "కొమ్ములయ్యను దయ్యం తీసుకుపోయింది" అని రాశాడు.

అంతటితో ఆగితే బాగుండేది. దయ్యం పట్టిన కుటుంబం అడవికున్న ఒక్క మడుగులో మూతి పెడితే అది అందరికీ అంటుకుంటుందని ఇంకో తీర్మానం చేశారు. ఏదుపందిని కాపలా పెట్టారు. చూస్తే నడివేసవి. కొమ్ములయ్య భార్య చుక్కమ్మ ఇద్దరు పిల్లల్ని వెంటేసుకుని రెండు కొండలు దాటి, బండ సందులో ఊరే చెమ్మ నాకించి తీసుకొచ్చేది. చిన్నదానికి అప్పటికే కాళ్ళు తడబడుతున్నాయి.

చుక్కమ్మ ఒక్క సభ కూడా మానేది కాదు. "పంతులు గారూ, ఆ దయ్యం అన్న మాట కొట్టేసి పులి అని రాయండి. నా పిల్లలు నీళ్ళు తాగుతారు."

"రాసింది రాసిందే తల్లీ," అనేవాడు కొంగ, కాలు మార్చుకుంటూ.

ఆమె అడిగినప్పుడల్లా సభలో గుసగుసలు పెరిగాయి. పులి గారికి అది నచ్చలేదు. "ఏమయ్యా పంతులూ, నేను వస్తుంటే అందరూ గొంతు తగ్గిస్తున్నారు."

"రికార్డు ఎవరూ చదవరు ప్రభూ, అదీ చిక్కు. నాటకం వేయిద్దాం. కళ్ళతో చూస్తే నమ్ముతారు."

అడవిలో నాటక సమాజం ఎలుగుబంటి మేష్టారిది. ఆయన దగ్గర తాతల నాటి విషాద నాటకం ఒకటుంది. ఒక రాజు పీఠం కోసం ఇంటికొచ్చిన అతిథిని చంపి, ఆ తర్వాత బతికినంత కాలం ఏడుస్తాడు. కొంగ ఆ నాటకం ప్రతి తిరగేసి అడిగాడు.

"ఇందులో దయ్యం ఉందా మేష్టారూ?"

"ఉంది. ఒక్కసారి వచ్చి, 'నీకు ఆ పీఠం కావాలి కదూ' అని అడిగి పోతుంది."

"అంతేనా? చంపించదా?"

"చంపిస్తే ఇంక నాటకమేముంది? దయ్యం గుమ్మం దాకా తీసుకెళ్ళొచ్చు. తలుపు మాత్రం రాజే తియ్యాలి. అందుకేగా ఏడుస్తాడు."

"ఈసారి తలుపు కూడా దయ్యమే తీస్తుంది," అని కొంగ కొత్త మాటలు రాసిచ్చాడు. మేష్టారు గొణిగాడు. గొణిగి, ఒప్పుకున్నాడు. కళాకారులు ఎక్కువగా చేసేదదే.

రాజు వేషం కొండముచ్చుకి. చిక్కల్లా దయ్యం వేషంతోనే. అపశకునమని నెమలి వెయ్యనంది, కుందేలు ఊరే వదిలిపోయింది. కొంగకి మహా తెలివైన ఆలోచన వచ్చింది. ఎలాగూ దయ్యం పట్టిన ఇల్లాలు ఒకత్తె ఉంది కదా, ఆమెకి కొత్తగా పట్టేదేముంది?

"నాటకం రోజున పిల్లలకి కడుపునిండా నీళ్ళు," అన్నాడు చుక్కమ్మతో. "మాటలు మాత్రం అక్షరం మార్చకూడదు. మార్చావో, ఆ నీళ్ళు కూడా ఉండవు."

చుక్కమ్మ చిన్నదాని కాళ్ళకేసి చూసి, "మార్చను," అంది.

నాటకం పట్టపగలే వేశారు. చీకటి పడ్డాక వేస్తే ప్రేక్షకుల్లో సగంమంది మిగతా సగాన్ని తినేస్తారని పాత అనుభవం. పులి గారు ముందు వరసలో, తోక ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

కొండముచ్చు రాజు అతిథి ఎదుట నిలబడ్డాడు. కాలిన మోడు మసి ముఖానికి పూసుకుని చుక్కమ్మ వచ్చింది. రాజు చెయ్యి పట్టుకుని పైకి లేపింది. భర్తని చంపినవాడు ముందు వరసలో ఉండగా, కొంగ రాసిన మాటలు ఒక్క అక్షరం మార్చకుండా చెప్పింది.

"ఈ రాజు చెయ్యి ఈ రాజుది కాదు. నేను లేపితే లేస్తుంది, దింపితే దిగుతుంది. ఈ అడవిలో జరిగేదంతా నా పని. రాజుకి పాపం ఏమీ తెలియదు."

ఆ గొంతుకి చెట్ల మీద పిట్టలు కూడా కదల్లేదు. తర్వాత వెనక నుంచి వన్స్‌మోర్ అన్నారు. మళ్ళీ చెప్పింది. మళ్ళీ వన్స్‌మోర్. చచ్చిన అతిథి ప్రతిసారీ లేచి నిలబడి మళ్ళీ చచ్చాడు. మూడోసారికి పులి గారే చప్పట్లు కొట్టారు.

అప్పుడు అడవిపంది పక్కవాడితో అన్నాడు. "అయితే మనం ఇన్నాళ్ళూ దణ్ణాలు తప్పు చోట పెడుతున్నామన్నమాట."

తెల్లారేసరికి చుక్కమ్మ పొద ముందు వరస కట్టారు. దుంపలున్న చోటు కోసం పంది, గూటి తగాదాతో చిలకలు, ఎందుకొచ్చాడో తెలియకపోయినా వరస చూసి నిలబడ్డ తాబేలు.

"నా చేతిలో ఏముందయ్యా," అంది చుక్కమ్మ.

"అట్లా అనకమ్మా. దొరగారి చెయ్యే నీ చేతిలో ఉందంట కదా."

చుక్కమ్మ పిల్లల్ని దగ్గరికి తీసుకుంది. తర్వాత నెమ్మదిగా అంది. "నా పిల్లలకి దాహంగా ఉంది."

వరసంతా కదిలి మడుగు వైపు నడిచింది. ఏదుపంది ముళ్ళు లేపి, వస్తున్నదెవరో చూసి, ముళ్ళు దించుకుని పక్కకి జరిగింది.

మధ్యాహ్నానికి పులి గారు సభ పిలిచారు. "చుక్కమ్మా, ముందు ఆ మసి కడుక్కుని రా."

"కడుక్కోడానికి నీళ్ళు ఎక్కడిచ్చారు దొరా? నిన్నటి నీళ్ళు పిల్లలు తాగేశారు. ఇవాళ్టివి కూడా పిల్లలే తాగారు, మీరు ఏమంటారో తెలియక నేను ముట్టలేదు."

"అది ఉత్త వేషం. దయ్యమూ లేదు, గియ్యమూ లేదు. ఆ మాట అందరి ముందూ చెప్పు."

"చెప్తాను దొరా, నాకేం బాధ? పంతులు గారూ, రాసుకోండి. దయ్యం లేదు. రాశారా? ఇప్పుడు దాని పక్కనే, కొమ్ములయ్యని తీసుకుపోయింది మరి ఎవరో అది కూడా రాయండి."

కొంగ ముక్కు గాలిలో ఆగిపోయింది. ఒంటికాలి మీద నిలబడ్డవాడు రెండో కాలు కూడా దించాడు. సభంతా పులి గారి కేసి చూసింది. పులి గారు తన పంజా కేసి చూసుకున్నారు.

"దయ్యం..." అన్నారు చివరికి, "ఉంది."

"గట్టిగా దొరా. వెనకవాళ్ళకి వినపడలేదు."

"ఉంది."

"మీ చెయ్యి అది లేపితేనే లేస్తుందా?"

"లేపితేనే."

"అయితే ఇక లేపను," అంది చుక్కమ్మ. పిల్లల్ని ముందు నడిపించుకుని మడుగు కేసి వెళ్ళిపోయింది.

ఆ వేసవంతా పులి గారు పంజా ఎత్తినప్పుడల్లా ఎవరో ఒకరు, "దయ్యాన్ని అడిగారా దొరా?" అని మర్యాదగా అడిగేవాళ్ళు. ఆయన మడుగు ఒడ్డున ఎండ్రకాయలతో, చేపపిల్లలతో కడుపు నింపుకోవడం నేర్చుకున్నారు. అవి కొంగ పంతులు తిండి. పంతులు వానలొచ్చేసరికి ఈకలూ ఎముకలూ మిగిలి, కళ్ళు మూసుకుని నిజంగానే ఆలోచించడం మొదలుపెట్టాడు.

చిన్నదాని కాళ్ళు నిలబడ్డాయి. రికార్డులో కొమ్ములయ్య పేరు పక్కన మాత్రం ఇప్పటికీ దయ్యమనే ఉంది. చుక్కమ్మ ప్రతి సభకీ వచ్చి, ఆ మాట మార్చమని ఇప్పటికీ అడుగుతూనే ఉంది.

నీతి: దయ్యాలు లేవని తొందరపడి అనకండి, అవి లేకపోతే పెద్దవాళ్ళ పనులన్నీ పెద్దవాళ్ళే చేసినట్టవుతుంది.