టిక్కీల్లో బెంగుళూరు

హైదరాబాదు ఉద్యోగమా, బెంగుళూరు ఉద్యోగమా అన్నది నీలిమ సాయంత్రంలోగా చెప్పాలి. ఆమె మనసు బెంగుళూరు మీదే ఉంది. ఏ ఊళ్ళో బతకడానికి ఎంతవుతుందో తేలనిదే తల్లి సుబ్బరత్నానికి కాఫీ గొంతు దిగలేదు. నకరికల్లులో తన ఇంటి అరుగు మీద కూర్చుని, బెంగుళూరులో ఉండే మేనల్లుడు రాజీవ్‌కు ఫోన్ చేసింది.

"మేం అద్దెకుండే ఇంటి మేడ మీద వాటా ఖాళీ అత్తా. అద్దె ఇరవై వేలు, మూడు నెలలది అడ్వాన్సు."

లక్షలూ వేలూ ఆమె బుర్రకెక్కవు. దేన్నయినా మిరపకాయల టిక్కీల్లోకి, అంటే బస్తాల్లోకి, మార్చుకోవాల్సిందే. ఇప్పుడు టిక్కీ అయిదు వేలు.

"నెలకు నాలుగు టిక్కీలు. అడ్వాన్సు పన్నెండు. కోల్డ్ స్టోరేజీలో నాకున్నయ్యే పన్నెండురా. మరి కొనాలంటే?"

"ఇల్లు కోటి."

"బెంగుళూరులో రెండు వేల టిక్కీలు కావాలా? హైదరాబాదులో పదిహేను వందలు చాలంటగా."

గోడ అవతల పళ్ళు తోముకుంటున్న పుల్లారావు సగంలో పుక్కిలించి టీ కొట్టుకు పరుగెత్తాడు. కాసేపటికి వాకిలి నిండా రైతులే.

"ఏందక్కా, కొనే పార్టీని నువ్వే దాచుకుంటే ఎట్టా? మాయీ ఓ ముప్పై టిక్కీలు లారీ ఎక్కించు."

"పార్టీ లేదు, పాడూ లేదు. నేనడిగింది ఇళ్ళ రేటు."

"ఇళ్ళ రేటు టిక్కీల్లో ఎవరడుగుతారక్కా?"

"నేనడుగుతా. నాకట్టాగే లెక్క తెలుస్తది." ఆ మాటతో పార్టీ ఉన్నట్టేనని అందరికీ నమ్మకం కుదిరింది. పుల్లారావు ఊరుకోలేక రాజీవ్‌కే ఫోన్ చేసి, "మీ అత్త రెండు వేల టిక్కీలు అమ్ముతుందంట, పార్టీ ఎవర్రా?" అని అడిగాడు. రాజీవ్ పగలబడి నవ్వి, ఆ సంగతి ఇంటి ఓనరుకు చెప్పాడు. ఓనరు నవ్వలేదు. టిక్కీ అంటే ఎంతో అడిగి తెలుసుకున్నాడు.

మధ్యాహ్నానికి నరసరావుపేట నుంచి బ్రోకరు రవి కుమార్ వచ్చాడు.

"బెంగుళూరోడు ఎంతిస్తానన్నాడో నాకు చెప్పొద్దులే పిన్నీ. నేను ఆరు వేలిస్తా."

"అసలు వాడెవడూ లేడయ్యా."

"చానా గట్టిదానివి. ఆరు వేలకు ఖాయం చెయ్."

పన్నెండు టిక్కీలూ అమ్ముడుపోయాయి. సాయంత్రం నీలిమ బెంగుళూరుకు సరేనని చెప్పబోతుండగా రాజీవ్ నుంచి ఫోన్ వచ్చింది. గొంతులో ఏడుపొక్కటే తక్కువ.

"అత్తా, కొంప మునిగింది. మీరు పెద్ద ఆసాములనుకుని ఓనరు ఆ వాటా అద్దె ఇరవై నాలుగు వేలు చేశాడు."

నీలిమ ముఖం వాడిపోయింది. సుబ్బరత్నం ఆరు వేల లెక్కన వేళ్ళు ముడిచి చూసుకుంది.

"నాలుగు టిక్కీలేగా. పొద్దునా అంతేగా చెప్పావు. ఒప్పుకోవే నీలిమా."

బెంగుళూరులో అద్దెలు పెరగవని నమ్మే మనిషి నకరికల్లులో ఇప్పటికీ ఒకరున్నారు.